రాగుల పుట్టింట్లో రోకటి పోట్లు

టాంజానియా సఫారీ మీద ఒక వ్యాసం చదివాను, అందులో ముప్పావు భాగం సెరెంగెటి నేషనల్ పార్కు సింహాలకే పోయింది. కిలిమంజారో కొండ వాలులోని చగ్గా తెగవాళ్ల ఊళ్లు ఒక్క లైనులో అయిపోయాయి. మేం అక్కడికి వెళ్లిన ట్రిప్ మొత్తంలో మాకు మాత్రం గుర్తుండిపోయింది అవే. పైన అరటి, దాని నీడన కాఫీ, పక్కనే కొండ నీళ్లు తెచ్చే సన్నటి కాలువ, పెరట్లో మేకలు. ఎకరం కూడా లేని చోట ఇన్ని! ఇంటావిడ కాఫీ గింజల్ని కొయ్య రోట్లో దంచుతూ పాట అందుకుని, రోకలి నా చేతికిచ్చింది. నాలుగు పోట్లకే భుజం లాగేసింది, మా అమ్మమ్మ గుర్తొచ్చింది. అరటిపళ్లు, రాగులు కలిపి పులియబెట్టే 'ఎంబెగె' బీరు కూడా రుచి చూశాం, కాస్త పులుపు. అన్నట్టు, మనం సంకటి చేసుకునే రాగులు పుట్టింది కూడా తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాల్లోనే.

పశువులు కాసుకునే మాసాయి తెగవాళ్ల గుడిసెల దగ్గర మాత్రం ఫొటోల కోసం వాళ్లని గెంతించినట్టు అనిపించింది, ఇబ్బందిగా ఉండింది. 1959లో గోరొంగోరో అనే ప్రాంతాన్ని సెరెంగెటి నుంచి విడదీసింది వాళ్లు పశువులతో అక్కడ బతకడానికే. ఇప్పుడు వాళ్లని తరలించడం మీదే పెద్ద గొడవ. దాని గురించి వ్యాసంలో ఒక్క ముక్కైనా ఉండాల్సింది.