ఇష్టం అడిగేది వినడానికా, సీటు అమ్మడానికా?

పదో తరగతి పరీక్షలు ఇంకా మొదలే కావు, ఇంటి గుమ్మంలో కాలేజీ పీఆర్వో నిలబడి ఉంటాడు. చేతిలో కన్సెషన్ కాగితం, నోట్లో 'ఈ ఆదివారంలోపు అడ్వాన్స్ కడితేనే సార్' అనే మాట. ఇది ఏటా చూసేదే, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇప్పుడు దానికి తోడు ఒక టెస్ట్ కూడా వస్తోంది. పిల్లల ఇష్టాలేంటి, స్వభావం ఏంటి అని కనుక్కుని తగ్గ కెరీర్ చెప్తారట, అదీ ఫ్రీగా.

మొన్న ఒక నాన్న అలాంటి రిపోర్ట్ పట్టుకుని మా డెస్క్ దగ్గరికొచ్చారు. 12 పేజీలు, నిండా రంగు గీతలు. ఆయన కూతురికి భాషలో, నలుగురితో కలిసి చేసే పనిలో గీతలు పైదాకా వెళ్లాయి, లెక్కలు, మెషీన్లు అన్నచోట అడుగునే ఆగిపోయాయి. చివరి పేజీ తిప్పితే 'ఎంపీసీ, జేఈఈ బ్యాచ్' అని సలహా, దాని కిందే అడ్మిషన్ ఫారం, చింపి ఇవ్వడానికి చుక్కల గీత. అమ్మాయి ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో ఇంటూ గుర్తు కూడా పెట్టిచ్చారు. పిల్ల చెప్పిందేమో 11 పేజీల్లో ఉంది, కాలేజీకి కావాల్సింది ఆ ఒక్క పేజీలో ఉంది.

మాకు ఒళ్లు మండింది ఇక్కడే. వెనకటి తరంలో పిల్లల్ని ఎవరూ అడిగేవాళ్లు కాదు, నాన్న చెప్పిన గ్రూపులో చేరడమే, అది తప్పే కానీ అందులో దాపరికం లేదు. ఇప్పుడు అడుగుతున్నారు, రాసుకుంటున్నారు, సంతకం తీసుకుంటున్నారు, తీరా పంపేది మాత్రం ముందే అనుకున్న సెక్షన్‌కే. ఫస్టియర్‌లో పిల్ల వెనకబడిందనుకోండి, 'టెస్ట్ రాసింది నువ్వే, ఒప్పుకుంది నువ్వే' అంటారు. అంటే ఇష్టం తెలుసుకోవడానికని తీసుకున్న కాగితమే రేపు ఆ పిల్ల మీద సాక్ష్యం అన్నమాట. అడగకపోవడం కన్నా అడిగి వినకపోవడం పెద్ద ద్రోహం.

ఇష్టాల్ని కొలిచే ఈ పద్ధతి పుట్టింది ఇందుకు కాదు. మనుషుల ఇష్టాలనీ పనులనీ ఆరు రకాలుగా చూసి, రెండూ కలిసేచోట మనిషి పనిలో నిలబడతాడని అమెరికన్ సైకాలజిస్ట్ జాన్ హాలండ్ 1959లోనే రాశాడు. చేత్తో చేసే పని, పరిశోధన, కళ, జనానికి సాయపడే పని, వ్యాపారం, లెక్కాపద్దులు, ఇవే ఆ ఆరు. ఇందులో ఏదీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. మన దగ్గర ఎన్‌సీఈఆర్‌టీ, సీబీఎస్ఈ కలిసి తెచ్చిన 'తమన్నా' టెస్ట్ కూడా 9, 10 తరగతుల పిల్లల సామర్థ్యాన్ని ఏడు కోణాల్లో చూపిస్తుందే తప్ప ఈ గ్రూపులోనే చేరు అని ఆర్డర్ వెయ్యదు. మరి ఎంపీసీ, బైపీసీ తప్ప సీఈసీ, హెచ్ఈసీ అన్న బోర్డే కనపడని క్యాంపస్‌లో ఆరు రకాల పిల్లల్ని కొలిచి ఎక్కడ కూర్చోబెడతారు?

పదిహేనేళ్ల పిల్లలకేం తెలుసు, ఇష్టాలు మారిపోతాయి, ఉద్యోగం రావాలి కదా అనే తల్లిదండ్రుల భయం మాకు తెలుసు, అప్పు చేసి ఫీజు కట్టేవాళ్ల భయం అబద్ధం కాదు. కానీ ఆ వయసులో ఇష్టాలు నిలవవు అనుకుంటే టెస్టే పెట్టకండి. పెడితే వినండి. రెండూ కాకుండా మధ్యలో నడుస్తున్నది వ్యాపారం.

ఇది మేమొక్కళ్లమే అంటున్న మాట కాదు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో ప్రాణం పోగొట్టుకున్న 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెప్తూ 15 మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకుమించి పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలంది, వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దంది, పిల్లలకీ తల్లిదండ్రులకీ కెరీర్ కౌన్సెలింగ్ క్రమం తప్పకుండా ఇవ్వాలి, పిల్లలు తమ ఇష్టాన్ని బట్టి నిర్ణయం తీసుకునేలా అది ఉండాలి అని స్పష్టంగా రాసింది. ఆ కేసు మన గడ్డ మీద నుంచి వెళ్లింది. ఆ తీర్పులోని మాటే ఇవాళ బ్రోషర్లో ఫ్రీ గిఫ్ట్ అయి కూర్చుంది.

అంతెందుకు, ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ కార్పొరేట్ కాలేజీల ఒత్తిడి గురించి చెప్పింది. అప్పుడు ఇంటర్ చదివినవాళ్ల పిల్లలు ఇప్పుడు ఇంటర్‌కొచ్చారు.

ఇంటర్ బోర్డుల్ని మేం అడిగేది ఒక్కటే. టెస్ట్ పెట్టేవాళ్లు సీటు అమ్మకూడదు, సీటు అమ్మేవాళ్లు టెస్ట్ పెట్టకూడదు. కౌన్సెలర్ అని కూర్చున్న మనిషికి అడ్మిషన్ టార్గెట్ ఉందో లేదో వెళ్లి అడగండి, జీతం కాగితం చూడండి, రిపోర్ట్ వెనక ఫారం కుట్టిన కాలేజీకి నోటీసివ్వండి. దీనికి ఇంకో కమిటీ అక్కర్లేదు. మళ్లీ పీఆర్వోలు గుమ్మాలెక్కాక, అడ్వాన్సులు కట్టేశాక, పిల్లలు హాస్టల్లో పెట్టెలు దించుకున్నాక సర్క్యులర్ పంపితే అది ఎవరి కోసం పంపినట్టు?