కళ్లు నులుముకునే అలవాటు గారికి

అయ్యా,

మీరు క్షేమమని తలుస్తాను. దెబ్బ తిన్నది నేనే కనుక మీరు క్షేమంగానే ఉండి ఉంటారు.

మన పరిచయం చిన్ననాటిది. నిద్ర లేవగానే మీరే, నిద్ర ముంచుకొస్తుంటే మీరే. ఎలర్జీ దురద పుట్టిన రోజు ఇక చెప్పనే అక్కర్లేదు: పిడికిలి బిగించి, వేలి కణుపులతో అటు పది తిప్పులు, ఇటు పది. ఆ సుఖాన్ని నేను కాదనను. కంటికి రెప్ప కాపలా అంటారు. ఆ కాపలావాడి చేతనే ఇంటి గోడ అరగదీయించిన ఘనత మాత్రం మీదే.

గోడ అంటే కార్నియా, కంటి ముందుండే పారదర్శకమైన పొర. మధ్యలో మామూలుగా 540 మైక్రాన్ల మందం, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. పలచబడే తత్వం కొందరి కంట్లో ముందే ఉంటుంది కాబట్టి నేరమంతా మీ మీద మోపను. ఆ తత్వానికి మీ ప్రోత్సాహం తోడైతే గుండ్రని పొర కాస్తా శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. దాని పేరు కెరటోకోనస్. నేను ఆరు నెలలకోసారి అద్దాలు మార్చి, అద్దాలు చేసినవాణ్ణి తిట్టాను. ఒక కన్ను మూసుకున్నా చందమామ పక్కన ఇద్దరు తోబుట్టువులు కనిపిస్తే నాలో కవి మేలుకున్నాడనుకున్నాను.

చివరికి కార్నియా పటం తీశారు. కింది భాగాన ఎర్రటి మచ్చ, అచ్చం మీ వేలిముద్ర. అక్కడ మందం 462 మైక్రాన్లు. పొర ఇంకా జారకుండా ఆపే చికిత్స క్రాస్ లింకింగ్, అంటే మందు చుక్కలు వేసి అతినీలలోహిత కిరణాలతో పొరను బిగించడం. దాని మామూలు పద్ధతిలో కార్నియా పై పొర తీశాక కనీసం 400 మిగలాలి, లేకపోతే కిరణాలు కార్నియా లోపలి వరుస కణాలకు చేటు చేస్తాయి. నాకు 411 మిగిలింది. మీరు ఇంకొంత కాలం సేవ చేసి ఉంటే ఆ పదకొండూ కరిగిపోయేవి.

క్రాస్ లింకింగ్ రోజున మీకు ప్రవేశం లేదు. రెప్పలు మూతపడకుండా తీగ క్లిప్పు పెట్టి, అరగంట సేపు పసుపుపచ్చని రైబోఫ్లేవిన్ చుక్కలు వేశారు. నోటిపూతకు మింగే మాత్రల్లోని బి2 విటమినే అది! తర్వాత 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, మరో 30 నిమిషాలు. ఎండలో నల్లద్దాలు పెట్టుకోమని పోరే వైద్యులే ఆ దీపాన్ని రెప్ప వేయకుండా చూడమన్నారు. విటమినూ వెలుగూ కలిస్తే కార్నియాకు బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల మధ్య కొత్త ముడులు పడతాయట, వదులైన నులక మంచాన్ని బిగించినట్టు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఈ పని మొదలుపెట్టినవారు రోగులపై ఫలితాలను 2003లో ప్రచురించారు. మీరు అంతకు ఎన్ని వేల ఏళ్ల ముందు నుంచి పనిలో ఉన్నారో!

ఇంతా చేస్తే జారిన ఆకారం పూర్తిగా వెనక్కి రాదు, ఇంకా జారకుండా ఆగుతుంది, అంతే. కళ్లజోడో గట్టి లెన్సో తప్పదు.

మూడు రోజులు కంట్లో ఇసుక పోసినట్టుంది. నాలుగో రాత్రి ఉలిక్కిపడి లేచాను. నా పిడికిలి కంటి మీది ప్లాస్టిక్ కవచానికి టక్కున తగిలి ఆగింది.

మీరేనా?