డి డ్రైవ్‌లో ఆక్రమణ

మా మావయ్యగారికి అంబాజీపేట దగ్గర కొబ్బరితోట ఉంది, ఇంట్లో కంప్యూటర్‌లో డి డ్రైవ్ ఉంది. రెండింటి హద్దులూ ఆయనకి కంఠతా వచ్చు. ఏ దింపుకి ఎన్ని కాయలు దిగాయో, కూలీ ఎంతయిందో, అంతా డి డ్రైవ్‌లో ఎక్సెల్ లెక్కలే. అలాంటిది ఓ ఉదయం అందులో తాను పెట్టని ఫోల్డర్ ఒకటి కనబడింది. ఇంకొకరైతే వైరస్ అనుకునేవారు.

"అల్లుడుగారండీ, మన జాగాలో ఎవడో పాక వేశాడండి," అని ఫోన్ చేశారు.

"పేరేముందండి?"

"పేరా! మూడు, ఎఫ్, తొమ్మిది, ఎ, సున్నా, సి... అలా బారెడుందండి. ఇంటిపేరో ఊరిపేరో ఉంటే పట్టుకుందుం."

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అందుకని ఆ ఇంట్లో ఇన్వర్టర్ కూసినా, టీవీ రిమోట్ పలక్కపోయినా జవాబుదారీ నాదే. పండక్కి వస్తున్నాం కదా, చూద్దాం అన్నాను. మేం వెళ్లేసరికి పాకలు పెరిగి పేటయ్యాయి.

ఈలోగా ఆయన ఊరుకోలేదు. రిపేర్ల కుర్రాణ్ణి ఒకణ్ణి పిలిపించారు. అతను దాచి ఉంచిన ఫైళ్లన్నీ కనబడేలా సెట్టింగులు మార్చి, "ఫార్మాట్ కొట్టేద్దామండి" అని సలహా చెప్పి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ మార్పుతో అంతవరకూ గుట్టుగా కాపురం చేస్తున్నవాళ్లు కూడా బయటపడ్డారు. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అని ఒకరు, డాలర్ గుర్తుతో రీసైకిల్ బిన్ అని ఇంకొకరు.

"వీళ్లెన్నాళ్లనించి ఉంటున్నారండీ?" అన్నారు మావయ్యగారు, గొంతు తగ్గించి.

"మొదటినించీనండి. వాళ్లు విండోస్ తాలూకే."

"అద్దె?"

ఫౌండ్.000 అనే ఫోల్డర్ సంగతి తేలిగ్గానే తేలింది. గాలివాన వస్తే కొబ్బరిమట్ట విరిగి తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది. ఆయనకేమో కంప్యూటర్‌ని ఇన్వర్టర్‌కి కలిపితే బ్యాటరీ అరిగిపోతుందని భయం. రాస్తూ రాస్తూ డిస్కు ఆగిపోతే, మళ్లీ ఆన్ చేసినప్పుడు డిస్కుని సరిచూసే చెక్‌డిస్క్ నడిచి, ఏ ఫైలుకీ చెందకుండా మిగిలిన ముక్కల్ని ఏరి ఈ ఫోల్డర్‌లో పడేస్తుంది. "అయితే పోయిన దింపు లెక్క ఇందులోనే ఉందంటారా?" అని ఆయన ఒక్కో ముక్కా తెరిచి చూశారు. ఉందేమో గానీ మనిషి చదివే భాషలో లేదు.

అసలు ఆక్రమణదారుల దగ్గరికొస్తే, మావయ్యగారు అప్పటికే ఒక పంచనామా రాసి ఉంచారు. ఏ ఫోల్డర్ ఏ తేదీన వచ్చిందో నోటు పుస్తకంలో ఎక్కించారు. అన్నీ బుధవారాలే. అన్నీ తొమ్మిదికీ పదిహేనుకీ మధ్యే. ఏ కుర్రాడూ పట్టించుకోని సంగతి ఇది. విండోస్ నెలవారీ అప్‌డేట్లు అమెరికాలో రెండో మంగళవారం ఉదయం వదులుతారు. మనకప్పటికి రాత్రి పడుకునే వేళ. అందుకని అవి మనింట్లో దిగేది చాలావరకు బుధవారం. వాటితోపాటు హానికర సాఫ్ట్‌వేర్‌ని వెతికే చిన్న పనిముట్టు ఒకటి వస్తుంది. ఇలాంటివి సామాను విప్పుకోవడానికి, ఏ డ్రైవ్‌లో ఖాళీ ఎక్కువుంటే అక్కడ, సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలూ ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలూ కలిపి ఏదో పేరుతో ఫోల్డర్ వేసుకుంటాయి. పనయ్యాక పీకేసుకుని పోవాలి. మధ్యలో కరెంటు పోతే పాక మిగిలిపోతుంది.

"అంటే ఖాళీ జాగా చూసి మరీ వేస్తున్నాడన్నమాట," అన్నారాయన, కేసు గెలిచినంత తృప్తిగా.

తీసేద్దామని డిలీట్ కొడితే అనుమతి లేదంది. ఎవరి అనుమతి కావాలయ్యా అంటే, అడ్మినిస్ట్రేటర్‌ది. ఆ కంప్యూటర్‌కి అడ్మినిస్ట్రేటర్ మావయ్యగారే. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, "ఇచ్చానని చెప్పండి," అన్నారు. చెప్పినా వినలేదు. చివరికి ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అందులో అడ్వాన్స్‌డ్ దాకా వెళ్లి, ఓనర్ పేరు మార్చి, ఆయన పేరు ఎక్కించాక గానీ కదల్లేదు. పట్టా చేతికొచ్చాక ఆయనే స్వహస్తాలతో ఒక్కొక్కటీ డిలీట్ చేశారు.

"ఇంత రాద్ధాంతం ఎందుకండీ? సి డ్రైవ్‌లోది నేను ఒక్క నొక్కుతో తీసేశాను," అన్నారు ఆ ఊపులో.

"సి డ్రైవ్‌లో ఏదండి?"

"ఐనెట్‌పబ్ అని. తెరిస్తే ఖాళీ. దిక్కూమొక్కూ లేని ఇల్లు."

నాకు టెన్షన్ మొదలైంది. 2025 ఏప్రిల్ అప్‌డేట్ వేసిన ఫోల్డర్ అది. భద్రతా లోపం ఒకటి పూడ్చడానికి కావాలనే పెట్టారు. ఖాళీగా ఉన్నా ముట్టుకోవద్దని చెప్పారు కూడా. చెత్త ఫోల్డర్లేమో పట్టా మార్చితే గానీ పోలేదు, ఉండాల్సిందేమో కిక్కురుమనకుండా పోయింది. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్లలోకి వెళ్లి ఇంటర్నెట్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్ ఆన్ చేస్తే మళ్లీ వచ్చింది. మావయ్యగారు దాన్ని అనుమానంగా చూశారు.

"కాపురం ఉండరు. ఖాళీ చెయ్యరు. బాగుందండీ."

డి డ్రైవ్‌కి మాత్రం శాశ్వత పరిష్కారం ఆయనే కనిపెట్టారు. ఖాళీ ఉంటేనే కదా వేసేది! సీడీల్లో ఉన్న మా పెళ్లి వీడియోలు, బావమరిది పెళ్లివి, ఎవరెవరివో గృహప్రవేశాలు తెచ్చి నింపేశారు. అవి పట్టక, మిగతావాటి కోసం కొత్త హార్డ్‌డిస్క్ ఒకటి కొని కంప్యూటర్‌కి తగిలించి ఉంచారు. బోలెడంత ఖాళీతో. ఈ సంగతి నాకు చెప్పలేదు.

తరవాతి నెల రెండో బుధవారం ఫోన్.

"అల్లుడుగారండీ, డి డ్రైవ్ శుభ్రంగా ఉందండి. ఈసారి కొత్త డిస్క్‌లో మీ పెళ్లి పక్కనే దిగాడు."