తలుపు బయట ప్రార్థన అంశం

‘నా కోసం ప్రార్థించండి’ అని సంఘంలో చెప్పుకునే సంగతిని ప్రార్థన అంశం అంటాం. అది బయల్దేరిన సైజులో ఎప్పుడూ గమ్యం చేరదు. ఒకరికి జలుబు అని చెబితే రెండో చెవికి జ్వరం అవుతుంది, మూడో చెవికి ఆసుపత్రి అవుతుంది. గంటకొకరు వంతులవారీగా చేసే గొలుసు ప్రార్థనలో చివరి గంట తీసుకున్నవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మనిషి ఐసీయూలో ఉంటాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ‘భారంతో ప్రార్థించండి’ అని చెబుతారు కదా, ఉత్త జలుబు మీద ఎంతని భారం పెట్టగలరు?

నా కాలికి జరిగిందీ అదే. మెట్లు దిగుతుంటే చీలమండ బెణికింది, కాస్త వాచింది. సాయంత్రం గృహ కూడికకి రాగలనో లేదోనని మా సంఘంలో ఒక బ్రదర్‌కి ఫోన్ చేసి, “చిన్న బెణుకే బ్రదర్, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి” అన్నాను. ఆ ‘చిన్న’ అన్న మాట ఫోన్ పెట్టేలోపే ఎక్కడో రాలిపోయింది.

సాయంత్రానికి నొప్పి తగ్గింది. చేతికర్ర ఒకటి సంపాదించుకుని ఆలస్యంగానైనా వెళ్ళాను. అప్పటికే తలుపు మూసి ఉంది, లోపల ప్రార్థన నడుస్తోంది. ఎవరో బాగా కష్టంలో ఉన్న మనిషి కోసం చేస్తున్నారు. “కాలు పోకుండా కాపాడు తండ్రీ” అని ఒక సిస్టర్ ఏడుస్తున్నారు. పాపం ఎవరికో ఏమైందో అనుకుని నేనూ గుమ్మం బయటే తల వంచి ఆయన కోసం ఒక ముక్క ప్రార్థించుకున్నాను. ఆ తర్వాత పేరు వినబడింది. నా పేరే.

బెల్ కొట్టాను. లోపలివాళ్ళకి అది వినబడకపోతే బాధ ఉండేది కాదు. వినబడింది. “ప్రభువా, ఈ ప్రార్థనకి శత్రువు ఆటంకాలు కలిగిస్తున్నాడు, ప్రతి ఆటంకాన్నీ యేసు నామంలో గద్దిస్తున్నాం” అని మా పెద్ద బ్రదర్ గొంతు పెంచారు. అందరూ ఆమెన్ అన్నారు. మళ్ళీ కొట్టాను, మళ్ళీ గద్దించారు. ప్రార్థన అంశం నేనే, ఆటంకమూ నేనే. ఫోన్ చేస్తే లోపల ఎవరి ఫోనో మోగింది, వెంటనే చప్పుడు ఆగిపోయింది. ప్రార్థనలో ఫోన్ ఎత్తడం మర్యాద కాదు కదా.

ఇక చేసేదేమీ లేక కర్ర మీద ఆనుకుని నా ఆరోగ్య పరిస్థితి వింటూ నిలబడ్డాను. నిజం చెప్పొద్దూ, చాలా విషయాలు తెలిశాయి. మొదటి బ్రదర్ ఎముక విరగ్గొట్టారు. రెండో ఆయన ఆపరేషన్ చేయించారు. సర్వజ్ఞుడైన దేవుడికి పొద్దుటి వార్తలు అందలేదేమో అన్నట్టు ఏ మెట్టు దగ్గర పడ్డానో కూడా వివరంగా చెప్పారు. ఆయన చూసినట్టే చెప్పారు, నేనే సరిగ్గా చూసుకోలేదేమో అనిపించింది. ఇంకొక సిస్టర్ బైబిల్ మొదటి పుస్తకమైన ఆదికాండంలో సృష్టితో మొదలుపెట్టి, నిర్గమకాండం దాటి, “చివరిగా” అని మూడుసార్లు అంటూ నా మంచం దగ్గరికి వచ్చారు. ఆ తర్వాత వచ్చింది అసలు ప్రార్థన: “మా బ్రదర్‌కి ఓర్పు దయచేయి ప్రభువా. ఆయనకి కోపం ఎక్కువని నీకు తెలుసు, మా అందరికీ తెలుసు.” ఎవరి గురించైనా మామూలుగా చెబితే చాడీ అయ్యేది, కళ్ళు మూసుకుని చెబితే విజ్ఞాపన అవుతుంది. ఆ ఓర్పు నాకు అప్పటికింకా అందలేదని తలుపు బయట ఉన్న నేను గట్టిగా సాక్ష్యం చెప్పగలను.

ఇలా బయట నిలబడ్డవాళ్ళలో నేను మొదటివాణ్ణి కాను. బైబిల్లో అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో యేసు శిష్యుడు పేతురు పరిస్థితీ ఇదే. హేరోదు రాజు ఆయన్ని చెరసాలలో వేసి పదహారుమంది సైనికుల్ని కాపలా పెట్టాడు. సంఘమంతా ఆసక్తితో ప్రార్థించింది. దూత వచ్చి ప్రక్కన తట్టి లేపాడు, సంకెళ్ళు ఊడిపడ్డాయి, పట్టణానికి పోయే ఇనుప గవిని, అంటే ద్వారం, దానంతటదే తెరుచుకుంది. అంతా దాటి వచ్చిన పేతురు ఎక్కడ ఆగిపోయాడంటే, ఆయన కోసం ప్రార్థిస్తున్న ఇంటి తలుపు దగ్గర! రొదే అనే చిన్నది గొంతు గుర్తుపట్టి, ఆ సంతోషంలో తలుపు తీయకుండానే లోపలికి పరుగెత్తింది. ఆయనే వచ్చాడంటే “నీవు పిచ్చిదానవు” అన్నారు. కాదు నిజమేనంటే “అతని దూత” అన్నారు. ఆయన విడుదల కోసం మోకరించినవాళ్ళకి విడుదలైన మనిషి మాత్రం నమ్మశక్యం కాలేదు. పేతురు తడుతూనే ఉన్నాడని రాశారు. ఆ ‘తడుతూనే’ ఎంత సేపో రాయలేదు గానీ, ఆ రోజు నాకు కొంత అర్థమైంది.

మాకూ ఒక రొదే ఉంది, ఆ ఇంటివాళ్ళ చిన్నమ్మాయి. ప్రార్థనలో కళ్ళు తెరిచి ఉండేది పిల్లలే కదా. కిటికీలోంచి నన్ను చూసి చెయ్యి ఊపింది. తలుపు తీయమ్మా అని సైగ చేశాను. లోపలికి పరుగెత్తి “అంకుల్ వచ్చారు!” అని అరిచింది. “ష్, కళ్ళు మూసుకో” అన్నారు ఎవరో. “నిజంగా వచ్చారు, కిటికీలో ఉన్నారు!” ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఒక సిస్టర్ వెక్కుతూ, “చూశారా, పసిపిల్ల కళ్ళల్లో కూడా ఆయన రూపమే మెదులుతోంది” అన్నారు. స్తోత్రాలు రెట్టింపయ్యాయి.

కపెర్నహూము ఊళ్ళో పక్షవాయువు గలవాణ్ణి పైకప్పు విప్పి యేసు ముందుకి దింపిన నలుగురు గుర్తొచ్చి ఒకసారి పైకి చూశాను. నా దగ్గర నలుగురు లేరు. ఉన్నవాళ్ళంతా లోపల ఉన్నారు, నా కోసమే ప్రార్థిస్తూ.

అప్పుడు ఒక గొంతు లేచింది. మా సంఘంలో అందరికంటే తక్కువ మాట్లాడే బ్రదర్. ఆయన నా కాలి జోలికే పోలేదు. మా అబ్బాయి చాలాకాలంగా మాతో మాట్లాడకుండా దూరంగా ఉంటున్నాడు. ఆ సంగతి ఎప్పుడో ఒకసారి, కూడిక అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఆయనతో అన్నాను. అన్న సంగతి నేనే మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు. వాడి పేరెత్తి, “రోజూ అడుగుతున్నట్టే ఈ రోజూ అడుగుతున్నాను తండ్రీ” అన్నారు. బెల్ మీద పెట్టిన వేలు తీసేశాను. కాసేపు ఆ తలుపు ఎవరూ తీయకపోయినా ఫర్వాలేదనిపించింది.

తీసింది మాత్రం ఒక పెద్దావిడ. మోకాళ్ళు వంగవని ఎప్పుడూ తలుపు పక్కన కుర్చీలో కూర్చుంటారు, పైకి ప్రార్థన చేయడం నేనెప్పుడూ వినలేదు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, గద్దించలేదు. కర్ర వంక చూసి తన కుర్చీ నాకిచ్చి, తను గోడకి ఆనుకుని నిలబడ్డారు. వద్దమ్మా అనబోతే పెదాల మీద వేలు పెట్టారు. మిగతావాళ్ళ కళ్ళు మూసే ఉన్నాయి. నేనూ మూసుకున్నాను.

మా పెద్ద బ్రదర్ ముగింపు ప్రార్థనలో ఉన్నారు. ఆపరేషన్ అయిపోయింది, ఫలించినట్టు లేదు. “ఒకవేళ నీ చిత్తం వేరైతే, ఆయన ఇంటివారిని ఆదరించు తండ్రీ” అన్నారు.

“ఆమెన్” అన్నాను, అలవాటు కొద్దీ, కాస్త గట్టిగా.

గది మొత్తం కళ్ళు తెరిచింది. ఒకాయన చేతిలోంచి బైబిల్ జారింది. “నేను ముందే చెప్పాను” అంది చిన్నమ్మాయి. ఆమెకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఇంకా వంతు రాని ఒక బ్రదర్ మాత్రం నిరాశపడి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునే తన ప్రార్థన పూర్తిచేశారు. నా కోపం సంగతి ఎత్తిన సిస్టర్ ఐస్ గడ్డలు గుడ్డలో చుట్టి తెచ్చి నా కాలికి పెట్టారు, చాలాసేపు వదల్లేదు. ఆమె మీద కోపం నిలుపుకోవడం ఎంత ప్రయత్నించినా కుదరలేదు.

తర్వాతి ఆదివారం, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల వేళ, ఆపరేషన్ చేయాల్సిన కాలు ఒక్క ప్రార్థనతో నడిచిందని ఒకాయన నిలబడి చెప్పారు. అది బెణుకేనని నేను లేచి చెబితే, నా వినయానికి కూడా స్తోత్రం చెల్లించారు.

ఇకమీదట ఇలా జరగకుండా, ప్రార్థన జరుగుతున్నంతసేపూ ఒకరు కళ్ళు తెరుచుకుని తలుపు దగ్గర ఉండాలని తీర్మానించారు. అందరూ ఒప్పుకున్నారు. ఆ ఒకరు ఎవరన్నది మాత్రం తేలలేదు. చిన్నమ్మాయి చెయ్యెత్తింది గానీ, కళ్ళు మూసుకోవడం నేర్చుకోవాల్సిన వయసని ఆమెని కూర్చోబెట్టారు. ప్రస్తుతానికి అది కూడా ప్రార్థన అంశాల్లో ఉంది.