రెండు నిమిషాల సత్యవ్రతం

సత్యం కోసం హరిశ్చంద్రుడు రాజ్యం వదిలాడు, ఆలుబిడ్డల్ని అమ్ముకున్నాడు, చివరికి కాటికాపరిగా చేరాడు. రోజుకోసారి మెరుగులు దిద్దని ఫొటో అడిగే బీరియల్ యాప్ అప్పటికి లేకపోబట్టి గానీ, లేకపోతే ఆయనకు ఇన్ని తిప్పలెందుకు? ఇప్పుడు రోజుకు రెండు నిమిషాల్లో పనైపోతుంది. రెండు నిమిషాలు కుదరకపోతే ఆరు గంటల తర్వాతైనా సత్యసంధులు కావచ్చు. ఫొటో మీద ‘ఇంత ఆలస్యం’ అని ఓ చిన్న చీటీ పడుతుంది, అంతే.

ఈ వ్రతానికి పుట్టినిల్లు ఫ్రాన్స్. అలెక్సిస్ బరెయా, కెవిన్ పెరో అనే ఇద్దరు 2020లో మొదలుపెట్టారు. ఇన్‌స్టాగ్రామ్‌లో జనమంతా మెరుగులు దిద్దిన బతుకులే చూపిస్తున్నారు కాబట్టి, దిద్దని బతుకు చూపించడానికి ఒక చోటు ఉండాలన్నది సంకల్పం. 2022 వచ్చేసరికి అమెరికా కాలేజీలకు పాకింది. విద్యార్థులనే క్యాంపస్ అంబాసిడర్లుగా పెట్టుకుని చేసిన ప్రచారం అది. అలా మన పిల్లలు ఎమ్మెస్‌లు వెలగబెడుతున్న ఊళ్లకూ చేరింది. ఆ ఏడాది చివర్లో యాపిల్ వారు ఐఫోన్ యాప్‌లన్నిట్లోకీ ఇదే మేటి అని కిరీటం కూడా పెట్టారు.

తెలియనివారి కోసం వ్రత విధానం క్లుప్తంగా. రోజుకోసారి, ఏ వేళకో ముందు చెప్పకుండా ఫోన్ మోగుతుంది. రాహుకాలం, వర్జ్యం పట్టింపుల్లేవు. ప్రపంచాన్ని ప్రాంతాలుగా విడగొట్టి ఒక్కో ప్రాంతానికి ఒక్కో ముహూర్తం పెడతారు కాబట్టి, డాలస్‌లో అన్నకు మోగిన గంట అమీర్‌పేటలో తమ్ముడికి మోగదు. మోగిన 2 నిమిషాల్లోగా యాప్ తెరిచి నొక్కాలి. వెనక కెమెరా మీ ఎదుట ఉన్నదాన్ని, ముందు కెమెరా మీ మొహాన్ని తీస్తాయి. రెండూ కలిపి ఒకటే పోస్టు. ఫిల్టర్లు లేవు. నచ్చక ఎన్నిసార్లు మళ్లీ తీశారో ఆ లెక్క మిత్రులకు కనిపిస్తుంది. మీది పెట్టందే ఇతరులవి చూడనివ్వరు. కథ వినకుండా ప్రసాదానికి చెయ్యి చాపేవాళ్లకు ఇక్కడ చోటు లేదన్నమాట. 2023 నుంచి వేళకు పెట్టినవారికి ఆ రోజు ఇంకో రెండు పోస్టులు పెట్టుకునే వరం కూడా ప్రసాదించారు.

ఎంత పకడ్బందీగా ఉందో చూశారా! ఇక భక్తులు దీన్ని ఎలా ఆచరిస్తున్నారో చిత్తగించండి.

డాలస్ శివార్లలో ఒక డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్, అందులో నలుగురు కుర్రాళ్లు. గంట మోగే సమయానికి ఒకడు మొన్నటి పప్పు మైక్రోవేవ్‌లో పెట్టి, అది పేలిన చప్పుడు విని నిలబడ్డాడు. ఒకడు దుప్పటి ముసుగులో ఉన్నాడు. మిగతా ఇద్దరూ గిన్నెలు కడిగే వంతు ఎవరిదన్న విషయం మీద తల్లిదండ్రుల దాకా వెళ్లారు. నేలనాలుగు చెరగులా వెతికినా ఇంతకన్నా కల్తీలేని సత్యం దొరకదు. నొక్కితే చాలు. నొక్కారా? ఫోన్ చూసి, బోర్లా పెట్టి, “ఇప్పుడొద్దు మామా, సాయంత్రం కాఫీ షాప్‌కి పోతాంగా, అక్కడ తీద్దాం” అన్నారు.

సాయంత్రమైంది. కిటికీ పక్క టేబుల్ ఖాళీ అయ్యేదాకా ఇరవై నిమిషాలు నిలబడ్డారు, వెలుతురు అక్కడే బాగుందట. ల్యాప్‌టాప్ తెరిచారు. ఉద్యోగానికి పనికిరావని కంపెనీ పంపిన మెయిల్ తెర నిండా ఉంది. దాన్ని మూసి, ఎప్పుడో కాలేజీ ప్రాజెక్టుకు రాసిన కోడ్ తెరిచారు.

“కప్పు మరీ నిండుగా ఉందిరా, ఇప్పుడే కొన్నట్టు తెలిసిపోతోంది. సగం తాగు.”

“కాలుతోంది మామా.”

“అయితే నా కప్పులో పొయ్యి. ఆ టిష్యూ పేపర్ కొంచెం నలిపి పక్కన పడెయ్. అంత కాదు, కొంచెం. నువ్వు కెమెరా వైపు చూడకు. అంటే... చూడనట్టు చూడు. నవ్వకు. నవ్వబోతున్నట్టు ఉండు.”

ఇదంతా బీరియల్ తెరిచి చేస్తున్నారనుకుంటే పొరపాటు. తెరిస్తే మళ్లీ తీసిన లెక్క పడిపోతుంది కదా! అందుకని రిహార్సల్ మొత్తం ఫోన్‌లోని మామూలు కెమెరాతో. కోణం కుదిరాక, కప్పు కుదిరాక, టిష్యూ నలుగుడు కుదిరాక, ఊపిరి బిగబట్టి అసలు యాప్ తెరుస్తారు. ఇక్కడొక సాంకేతిక గండం ఉంది. రెండు కెమెరాలూ ఒక్క క్షణంలో నొక్కుకోవు. వెనకది ముందు, ముందుది ఆ తర్వాత. ఆ రెంటి మధ్య ఫోన్ కదిపితే మొహం అలుక్కుపోతుంది. మనవాడు వెనక కెమెరా క్లిక్‌మనగానే పనైపోయిందనుకుని చెయ్యి దించాడు. ముందు ఫొటోలో గడ్డం, సీలింగు ఫ్యాను పడ్డాయి. “లెక్క పడుతుందిరా, చచ్చాం!” అని నలుగురికీ గుండె ఆగింది. ఆ గడ్డం, ఆ ఫ్యానే ఆ రోజు మొత్తానికి వాళ్ల చేత అనుకోకుండా జరిగిన ఏకైక నిజం. దాన్ని చెరిపేశారు. మళ్లీ తీసిన లెక్క ఒకటి, ఆలస్యం ఆరు గంటలు, కింద వ్యాఖ్య: “ఏదో అలా...”

దానికి స్పందనలు వస్తాయి. ఈ యాప్‌లో ఊరికే బొమ్మ గుర్తులు నొక్కడం నామోషీ, మీ సొంత మొహంతోనే స్పందించాలి. దాని పేరు రియల్‌మోజీ. బొటనవేలెత్తి భేష్ అనే మొహం, నవ్వు, ఆశ్చర్యం, ప్రేమ, పగలబడి నవ్వడం, ఇలా ఒక్కోటి ఒక్కసారి తీసి దాచుకుంటే, ఆ తర్వాత ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. అప్పటికప్పుడు తీసే మెరుపు గుర్తు కూడా ఒకటుంది గానీ, అంత ఓపిక ఎవడికి? మార్చిలో నవ్విన నవ్వు నవంబరులో కూడా పంపుతారు. అవతలివాడు దుప్పట్లో పడుకుని, మొహంలో ఒక్క కండరం కూడా కదలకుండా, పగలబడి నవ్వినట్టు చాటుతున్నాడు.

కుర్రాళ్ల సంగతి వదిలేద్దాం, అసలు ఫొటో నిజమేనా? ఫిల్టర్ లేదని యాప్ ప్రమాణం చేస్తుంది సరే, ఫోన్ చేసిందా? నేటి ఫోన్ కెమెరా ఒక్క నొక్కుకు వరసగా ఎన్నో ఫ్రేములు తీసి, వాటిని కలిపి, గరుకు తుడిచి, నీడలు లేపి చేతిలో పెడుతుంది. 2018లో ఐఫోన్ ఎక్స్ఎస్ వచ్చినప్పుడు సెల్ఫీల్లో చర్మం నున్నగా వస్తోందని జనం గోల పెడితే, యాపిల్ వారు ఐఓఎస్ 12.1లో సరిదిద్దారు. బ్యూటీ మోడ్‌ను తీసుకొచ్చి సెల్ఫీ కెమెరాలో కూర్చోబెట్టిన ఆండ్రాయిడ్ ఫోన్లు మన మార్కెట్లో కొల్లలు. పోనీ, ఏ మెరుగూ దిద్దలేదనే అనుకుందాం. 12 అంగుళాల దూరం నుంచి సెల్ఫీ తీస్తే, 5 అడుగుల నుంచి తీసినప్పటికన్నా ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టి వైద్య పత్రికలో రాశారు. చెయ్యి చాచినంత దూరంలో సత్యం చెప్పబోతే మొట్టమొదట ముక్కే అబద్ధమాడుతుంది. అద్దం ముందు నిలబడి బెంగపెట్టుకున్న పిల్లలెవరైనా ఉంటే ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి, తక్కినదంతా మరిచిపోయినా పర్లేదు.

ఇక పెద్ద కంపెనీల సంగతి. సహజత్వానికి గిరాకీ ఉందని తెలియగానే సహజత్వాన్ని కాపీ కొట్టారు. టిక్‌టాక్ 2022 సెప్టెంబరులో టిక్‌టాక్ నౌ తెచ్చింది. అక్కడ సత్యానికి 3 నిమిషాలు, బీరియల్ కన్నా ఒక నిమిషం బోనస్. మరుసటి ఏడాదే దుకాణం కట్టేసింది. ఇన్‌స్టాగ్రామ్ ‘క్యాండిడ్’ స్టోరీలని ప్రయత్నించింది. ‘ఇది మిమ్మల్ని ఫేమస్ చేయదు, ఇన్‌ఫ్లుయెన్సర్ కావాలంటే ఇన్‌స్టాలోనూ టిక్‌టాక్‌లోనూ ఉండండి’ అనే అర్థంలో యాప్ స్టోర్‌లో బీరియల్ వారు పొగరుగా రాసుకున్న రోజులవి. ఆ పొగరు నచ్చింది, నిజం చెప్పాలంటే. అప్పటికే చిపోట్లే అనే తిండి కంపెనీ లోపలికి దూరి, మొదటి 100 మందికి ఉచిత భోజనం కోడ్ పెట్టేసింది. ఎల్ఫ్ అనే మేకప్ కంపెనీ కూడా ఖాతా తెరిచింది. మళ్లీ చదవండి: దిద్దని మొహాల యాప్‌లో, మేకప్ కంపెనీ. 2024 వచ్చేసరికి బీరియలే సెలబ్రిటీలకు రియల్‌పీపుల్, కంపెనీలకు రియల్‌బ్రాండ్స్ అని పీటలు వేసి పిలిచింది. పేరుకు ముందు ‘రియల్’ తగిలిస్తే అమ్మకం కూడా ఆత్మకథ అయిపోతుంది కాబోలు.

ఆ ఏడాది జూన్‌లోనే యాప్‌ను వూడూ అనే ఫ్రెంచి మొబైల్ గేముల కంపెనీ 50 కోట్ల యూరోలకు కొనేసింది. ఉచితంగా గేము ఇచ్చి మధ్యలో ప్రకటనలు చూపించడంలో ఆరితేరిన సంస్థ. కొన్నాక ప్రకటనలు రావడంలో వింతేమీ లేదు, సర్వర్లకు కరెంటు బిల్లు సత్యంతో కట్టలేరు కదా. అది తప్పుపట్టను.

తప్పుపట్టేది ఇంకోటుంది. 2024 జులై నుంచి యూరప్‌లో వాడేవాళ్లకు ఒక బ్యానర్ రావడం మొదలైంది: మీ వివరాలు ప్రకటనల కోసం వాడుకోమంటారా? అవునంటే ఆ బ్యానర్ జన్మలో మళ్లీ కనిపించదు. వద్దంటే, రేపు ఫొటో పెట్టబోయేటప్పుడు మళ్లీ వస్తుంది. ఎల్లుండి మళ్లీ. రోజూ. వియన్నాలోని నోయ్బ్ అనే గోప్యతా సంస్థ ఈ సంగతి మీదే ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్ఐఎల్‌కు 2024 డిసెంబరులో ఫిర్యాదు చేసింది. వద్దన్నవాళ్లు విసిగిపోయి అవునన్నదాకా వదలకపోవడం సమ్మతి ఎలా అవుతుందని వాళ్ల ప్రశ్న.

ఇక్కడ వెటకారం చేతకావడం లేదు. ఎప్పుడొస్తోందో చూడండి ఆ బ్యానర్: రెండు నిమిషాల గడియారం తరుముతున్నప్పుడు, స్నేహితుల ఫొటోలు ఆ తలుపు వెనకే ఉన్నప్పుడు, పదహారేళ్ల పిల్ల హడావుడిలో ఏది నొక్కితే అది పోతుందో అది నొక్కే క్షణాన. ఆ తొందర వాళ్లే పుట్టించారు, ఆ తలుపు వాళ్లే వేశారు, ఇప్పుడు గుమ్మంలో నిలబడి సంతకం అడుగుతున్నారు. దీన్ని మోసం అనకుండా ఇంకేమనాలి? ‘మీరు మీలాగే ఉండండి’ అని పిలిచినవాళ్లకు, మనిషి తనలాగే ఉండి ‘వద్దు’ అంటే వినపడదా? చేయలేక కాదు. ఐఓఎస్ 14.5తో యాపిల్ 2021లో తెచ్చిన ట్రాకింగ్ అనుమతి ప్రశ్న యాప్‌కు ఒక్కసారే అడిగే వీలిస్తుంది. వద్దని నొక్కితే, మళ్లీ సెట్టింగుల్లోకెళ్లి మనమే మార్చుకోవాలి తప్ప రోజూ వచ్చి తలుపు కొట్టదు. వీళ్ల సొంత బ్యానర్‌కు ఆ కట్టడి లేదు కాబట్టి కొడుతున్నారు.

మనం ఎన్నిసార్లు ఫొటో మళ్లీ తీశామో లెక్కగట్టి ఊరందరికీ చూపించే యాప్ కదా ఇది. అదే లెక్క ఆ బ్యానర్ మూల మీద కూడా వేయించండి: ‘ఈ మనిషి వద్దన్నది 143 సార్లు, మేము మళ్లీ అడిగింది 143 సార్లు’.