శ్రావణపు ఆకలికి ఊళ్లోనే గాదె కట్టాలి

ఒడిశాలోని బరంపురంలోనో రాయగడలోనో ఫుడ్ బ్యాంకులను విస్తరించాలన్న ప్రస్తావన వచ్చినప్పుడల్లా, మాట పెద్ద గోదాముల మీదికి, పెళ్లి భోజనాల్లో మిగిలిన అన్నాన్ని చేరవేసే బండ్ల మీదికి మళ్లుతుంది. 1967లో అమెరికాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ మొదలుపెట్టిన పద్ధతి అదే. దుకాణాలు పారేసే తిండిని పేదలకు అందించడం మిగులు ఉన్న నగరానికి సరిపోయే ఉపాయం. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల కొండ ఊళ్లలో మిగులన్నదే లేదు. అక్కడ ఆషాఢం నుంచి భాద్రపదం దాకా, పాత గింజలు అడుగంటి కొత్త చోళ్లు (రాగులు) కోతకు రాని రోజుల్లో పొయ్యి వెలగడమే కష్టం.

ఉచితంగా బియ్యం ఇస్తుండగా ఇంకా ఈ బ్యాంకులెందుకని కొందరు అడుగుతారు. 2013 ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు అందుతున్న మాట నిజమే, అది లేకపోతే పరిస్థితి ఇంకెంత ఘోరంగా ఉండేదో ఊహించలేం. అయినా ఆ 5 కిలోలు కాయకష్టం చేసే మనిషికి నెలంతా రావు, పైగా లబ్ధిదారుల లెక్కకు ఆధారం నేటికీ 2011 జనగణనే.

గుణుపురం పైన ఒక సవర గూడెంలో, శ్రావణ మాసపు ముసురులో నేను చూసిన కొలత ఒకటి మరపునకు రావడం లేదు. చంటిబిడ్డను వీపున కట్టుకున్న ఒకామె షావుకారు ముందు కొంగు పట్టింది. ఆయన కర్రతో అంచు గీసి రెండు కుంచాల ధాన్యం పోశాడు. పుష్యంలో ఆమె మూడు కుంచాలు తిరిగి కొలవాలి, అదీ గోపురంలా రాశి పోసి. దీన్నే నాము అంటాం. కళ్లంలోనే పంట అప్పుకింద పోతుంది కనుక, మరుసటి శ్రావణపు ఆకలి ఆ పుష్యంలోనే మొదలవుతుంది. దానం చేసిన మూట ఆ పూటకు ఆదుకుంటుందే తప్ప ఈ చక్రాన్ని ఆపలేదు. వడ్డీ లేకుండా గింజలు అప్పిచ్చి, పంటనాడు అంతే కొలతకు తిరిగి తీసుకునే గాదె మాత్రమే దాన్ని ఆపగలదు. గిరిజన గ్రామాల కోసం కేంద్రమే 1996-97లో ధాన్యం బ్యాంకుల పథకం తెచ్చింది కాబట్టి ఇది కొత్త ఆలోచన కూడా కాదు.

2001లో రాయగడ జిల్లా కాశీపూర్‌లో మామిడి టెంకల అంబలి తాగి మనుషులు చనిపోయారు. ఆ ఏడాదే దేశంలోని ప్రభుత్వ గిడ్డంగుల్లో సుమారు 6 కోట్ల టన్నుల ధాన్యం నిల్వ ఉంది. 2024 చివర పొరుగున కంధమాల్‌లోనూ టెంకల అంబలే ప్రాణాలు తీసింది. వానల్లో బూజు పట్టిన ఆ టెంకలను దంచుకున్నవారికి, నడిచి చేరేంత దూరంలో నాలుగు కుంచాల గింజలు ఉంటే చాలు.

ఇక్కడ మన తెలుగువారి మధ్యనే ఒక మాట అనుకోవాలి. ఈ సరిహద్దు పట్టణాల్లో మన వర్తకుల ఇళ్లు చాలావరకు కొండ చింతపండు మీద, కొండ ధాన్యం మీద లేచినవే. నాముకు కొలిచిన షావుకార్లలోనూ మనవారు తక్కువేమీ కాదు. సరిహద్దుకు ఇవతల మన భాషకు, మన బడులకు గుర్తింపు కావాలని అడిగే హక్కు మనకుంది, నేనూ అడుగుతాను. అయితే ఎవరి కష్టం మీద ఇక్కడ నిలదొక్కుకున్నామో వారి పట్ల బాధ్యత కూడా ఆ హక్కుతోపాటే వస్తుంది. పర్లాకిమిడి, గుణుపురం మిల్లర్లు మొదటి పెట్టుబడిగా ధాన్యం ఇవ్వాలి. కొన్ని బస్తాలు చోళ్లు కూడా ఉండాలి, ఎందుకంటే కొండవారి కడుపు నిండేది అంబలితోనే. తాళం చెవి ఊరి మహిళా సంఘం దగ్గర ఉండాలి. ఇచ్చేటప్పుడూ పుచ్చుకునేటప్పుడూ కుంచం ఒక్కటే వాడాలి. గెడ్డలు పొంగి దారులు తెగకముందే, జ్యేష్ఠంలోనే ఆ బస్తాలు పైకి చేరాలి.