పటం మీద గీత, నీటి కింద లోతు

చేపలను కాపాడాలంటే పటం మీద గీత గీయడం, ఆ లోపల వేట వద్దనడం ప్రభుత్వాలకు అలవాటైన పని. సముద్రాలు ఇంతగా వేడెక్కుతున్న కాలంలో ఆ గీత ఒక్కటే చాలదు.

బ్రిటన్‌కూ ఐరోపా ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న ఉత్తర సముద్రంలో ప్లేయిస్ అనే చదునైన చేప పిల్లలు తీరం దగ్గరి లోతు తక్కువ నీటిలో పెరుగుతాయి. అవి వలల్లో పడి నాశనం కాకుండా డెన్మార్క్, జర్మనీ, నెదర్లాండ్స్ తీరాల వెంబడి 1989లో పెద్ద ట్రాలర్లను, అంటే వలలను ఈడ్చుకుంటూ వేటాడే పడవలను, కట్టడి చేశారు. మంచి నిర్ణయమే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ పిల్లచేపలు లోతు నీటికి తరలాయి. హద్దు దాటి, వేట సాగే చోటికే చేరాయి. ఇందుకు శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో తీరజలాల వేడి ఒకటి.

అదే సముద్రంలో 1980 నుంచి పాతికేళ్లలో శీతకాలపు అడుగునీరు 1.6 డిగ్రీల సెల్సియస్ వేడెక్కింది. అడుగున తిరిగే చేపలు సగటున పదేళ్లకు 3.6 మీటర్ల చొప్పున లోతుకు దిగాయి. అంతేనా అనిపించవచ్చు. దక్షిణ భాగంలో చాలాచోట్ల 50 మీటర్ల లోతైనా లేని సముద్రమది; దిగడానికి చోటే తక్కువ. పైగా అన్ని చేపలూ కిందికే పోలేదు. సోల్ చేప ఒడ్డు వైపు జరిగింది. ఒకప్పుడు చలికి వదిలిపోయే నీరు ఇప్పుడు దానికి నివాసయోగ్యమైంది. ఏ జాతి లెక్క ఆ జాతిదే.

చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. నీరు వేడెక్కితే చేపకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి, వేడినీటిలోనేమో అది తక్కువ కరుగుతుంది. తేలికైన వేడినీరు పైన మూతలా పరచుకుని గాలిని కిందికి దిగనివ్వదు. ఉష్ణమండల సముద్రాల్లో ప్రాణవాయువు తగ్గిన పొరలు పైకి విస్తరిస్తుంటే ట్యూనా, మార్లిన్ వంటివి పైపొరకే పరిమితమై వలకు సులువుగా చిక్కుతున్నాయి. పడవలు నిండుతున్నాయి కదా, చేపలకు కొదవలేదని అధికారులు అనుకుంటే అంతకు మించిన ప్రమాదం లేదు. పాత లోతుల్లోనే సర్వే వలలు వేసి, చేప దిగిపోతే అంతరించిందనుకోవడమూ పొరపాటే.

నష్టం ముందు తగిలేది చిన్న పడవలకు. వాటి వల అందని లోతుకు చేప పోతే అది పెద్ద ఓడల సొమ్మవుతుంది.

అందుకే సర్వేలు ప్రతి లోతులోనూ వేడినీ ప్రాణవాయువునూ కొలవాలి. ఆ కొలతలను బట్టి రక్షిత ప్రాంతాల హద్దులను నిర్ణీత గడువుల్లో సవరించాలి. చేపలు కొత్తగా చేరిన లోతుల్లో అధ్యయనం పూర్తయ్యేదాకా అడుగు ట్రాలింగ్‌కు అనుమతి ఇవ్వరాదు. 2023లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన అంతర్జాతీయ జలాల జీవవైవిధ్య ఒప్పందం కింద కొత్త రక్షిత ప్రాంతాలు ఏర్పడాల్సి ఉంది. వాటి హద్దుల్లో లోతును మొదటి రోజు నుంచే చేర్చాలి.